కుడివైపు సీటు

సెర్బియా సరిహద్దు దగ్గర ఏ వరసలో నిలబడాలన్న దాని మీద మావాళ్ళు పోట్లాడుకోందే జర్మనీలోని డ్యూస్‌బుర్గ్‌లో వేసవి మొదలైనట్టు కాదు. ఆ ఆదివారం మధ్యాహ్నం దుర్ముష్ ఇంట్లో అదే జరుగుతోంది. ముందు గదిలో సోఫాల మీద, కుర్చీల మీద, ఆఖరికి కిటికీ గట్టు మీద కూడా మగవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. అందరిదీ టర్కీలో కిర్షెహిర్ దగ్గర ఒకటే ఊరు. అందరూ ఉక్కు ఫ్యాక్టరీలోనో దాని చుట్టుపక్కలో బతుకు వెళ్ళదీసినవాళ్ళే. బడులకు సెలవులివ్వగానే కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి బయల్దేరి ఆస్ట్రియా, హంగరీ, సెర్బియా, బల్గేరియా దాటి ఊరు చేరడం వీళ్ళ ఆనవాయితీ. ముందు కారు ఎప్పుడూ దుర్ముష్‌దే.

"ఈసారి రొమేనియా మీదుగా పోదాం," అన్నాడు కద్రీ. కూరగాయల కొట్టు నడిపే కద్రీకి ప్రతి ఏడూ ఒక కొత్త దారి తోస్తుంది. "సెర్బియా వాడు డిక్కీలో చెయ్యి పెట్టకుండా వదలడు. పోయినేడు మా ఆవిడ పెట్టిన పచ్చడి సీసా మూత తీసి వాసన చూశాడు."

"చూసి ఏమన్నాడు?"

"ఏమంటాడు, మూత పెట్టేసి పొమ్మన్నాడు."

అందరూ నవ్వారు. దుర్ముష్ నవ్వలేదు. మోకాలి మీద పరిచిన దేశపటాన్ని బొటనవేలితో సాపు చేస్తూ కూర్చున్నాడు. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి, మళ్ళీ చిరిగిన పటం అది. ఫోన్లో దారి చూసుకునే కుర్రాళ్ళు కూడా ఆ పటం తెరిచినప్పుడు మాత్రం నోరెత్తరు.

"సెర్బియా మీదుగానే," అన్నాడు చివరికి. "రొమేనియాలో లారీల వెనక పడి నలిగిపోతాం. హంగరీలో రాత్రి నిద్ర. పొద్దున్నే సరిహద్దు. అంతే."

దాంతో రొమేనియా సంగతి ముగిసిపోయింది. కద్రీ కూడా గొణగలేదు.

గుల్తెన్ టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, బస్సు కంపెనీ వాళ్ళ నీలం చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. ఇక్కడే సిటీ బస్సు తోలుతుంది దుర్ముష్ కూతురు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో సగం మంది పనులకు పోయేది ఆమె బస్సులోనే. భర్త నుంచి విడిపోయాక పుట్టింటి పైవాటాలోనే ఉంటోంది. టీలు అందించే పని తల్లి జెన్నెత్‌ది. ఆవిడ చలికాలంలో పోయింది. అప్పట్నుంచి పళ్ళెం గుల్తెన్ చేతికొచ్చింది.

"నీ చెయ్యి చల్లగుండ తల్లీ," అంటూ గ్లాసు తీసుకున్నాడు కద్రీ. "అన్నా, నీ కార్లో ఎవరెవరు? మా అత్తగారికి చోటు దొరుకుతుందా?"

"వెనక రమీజ్ బావ, హనీఫె అక్క, సెర్హాత్. చోటెక్కడిది?"

"ముందో?"

"ముందు సామాను."

గ్లాసులో చెంచా తిప్పుతున్నవాళ్ళు తిప్పడం ఆపేశారు. ఇక్కడి కార్లకి స్టీరింగ్ ఎడమవైపుంటుంది, పక్కనున్న ఆ కుడివైపు సీటు జెన్నెత్‌ది. ఇన్ని వేసవుల్లో అక్కడ ఇంకొకరు కూర్చోగా ఎవరూ చూడలేదు. కద్రీ తప్పు మాట్లాడినట్టు మీసం తుడుచుకున్నాడు.

వంటగది గుమ్మంలో నుంచి దుర్ముష్ అక్క హనీఫె తల బయటికి పెట్టింది. "మరి గుల్తెన్‌రా?"

"గుల్తెన్‌కి విమానం ఉంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి అంకారా. రోడ్డు మీద పడి నలగడం దేనికి దానికి?"

మేలు చేస్తున్నవాడి గొంతుతోనే అన్నాడు. గుల్తెన్ ఖాళీ గ్లాసులు ఏరుకుంటోంది. ఒక గ్లాసు ఇంకో గ్లాసుకి తగిలి చప్పుడైంది.

ఈ కాలం పిల్లలు విమానాలెక్కి పోతున్నారు, కాదనను. కానీ దుర్ముష్ ఇంట్లో విమానమంటే ఒకటే అర్థం. ఇక్కడ కన్ను మూసినవాళ్ళకు స్నానం చేయించి, పెట్టెలో పెట్టి, విమానంలో ఊరికి పంపిస్తారు సంఘం వాళ్ళు. ప్రాణమున్నవాళ్ళు రోడ్డు మీద పోతారు. జెన్నెత్ విమానంలోనే పోయింది. పెట్టె వెంట మొగుడు, కొడుకు వెళ్ళారు. పరామర్శకు వచ్చేవాళ్ళకు టీలు పోయడానికి ఎవరో ఒకరుండాలి గనక కూతురు ఉండిపోయింది. తల్లి సమాధి ఆమె కంటితో చూడలేదు. ఇప్పుడు మట్టి కుదురుకుంది, ఈ వేసవిలో రాయి నిలబెట్టబోతున్నారు.

"నువ్వు అలిసిపోతే ఎవరు తోల్తారన్నా?" కద్రీ మాట మార్చాడు.

"సెర్హాత్ ఉన్నాడు."

కిటికీ గట్టు మీద కూర్చున్న కొడుకు సెర్హాత్ ఫోన్లోంచి తలెత్తాడు. ఫోన్ల కొట్లో పని చేస్తాడు. లైసెన్సు నిన్న మొన్న వచ్చింది.

"సెర్హాత్ చేతికి స్టీరింగ్ ఇస్తే అందరం గ్రీసులో తేల్తాం. బస్సు తోలే పిల్లని ఇంట్లో పెట్టుకుని..."

"బస్సు వేరు, ఈ దారి వేరు," అన్నాడు దుర్ముష్ పటం మడుస్తూ.

రోజూ తమను క్షేమంగా దించే మనిషి పళ్ళెంతో ఎదురుగా నిలబడి ఉన్నా, ఒక్కరికీ నోరు పెగల్లేదు. అదీ మావాళ్ళ మర్యాద.

మర్నాడు హనీఫె వంటగదిలో కూర్చుని ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుడుతోంది. దారిలోకి అవి ఉండాల్సిందే, ముందే చుట్టి ఫ్రీజర్లో పెట్టేస్తుంది. గుల్తెన్ ఎదురుగా కూర్చుని ఉప్పునీళ్ళలోంచి ఆకులు తీసి, తొడిమలు తుంచి అత్త ముందు పరుస్తోంది. డ్యూటీకి ఇంకా వేళ ఉంది.

"ఆ మూతి ముడుపు తియ్యవే. ఆకులు చేదెక్కిపోతాయి," అంది హనీఫె.

"నేను విమానంలో వెళ్ళనత్తా."

"ఏం? హాయిగా పోయి రాక."

"అమ్మని పంపినట్టు నన్నూ పంపుతారా?"

హనీఫె చేతిలో ఆకు సగం చుట్టి ఆపేసింది. "నోట్లోంచి అలాంటి మాటలు రానీకు," అని తిట్టింది. కాసేపటికి కళ్ళు మోచేత్తో ఒత్తుకుంది.

"సెలవు ఊరికే ఇవ్వలేదు నాకు," అంది గుల్తెన్. "పిల్లలున్నవాళ్ళకే వేసవి సెలవులు ముందు. క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికి నేనే బస్సు తోల్తానని ఒప్పుకుంటే ఇచ్చారు. అమ్మ వెళ్ళిన దారిలో వెళ్దామనుకున్నా. ఎక్కడ ఆగి మొహం కడుక్కునేదో, ఎక్కడ దోసకాయలు కోసి ఇచ్చేదో అన్నీ చూసుకుంటూ వెళ్దామనుకున్నా. బ్యాగు కూడా సర్దేశాను. మంచం కింద ఉంది."

"నేనేం చెయ్యనే? నా కాళ్ళు చాపుకోవచ్చు కదా, ముందు కూర్చుంటాన్రా అన్నాను మీ నాన్నతో. అంతే, నాతో మాట్లాడ్డం మానేశాడు. నిన్న మీ అందరి ముందే మళ్ళీ మాట కలిపాడు. ఆ సీటులో మనిషిని చూడలేడే వాడు."

"మనిషిని చూడలేడు. సామాను చూడగలడు."

హనీఫెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీ అమ్మ ఉంటేనా! దారి పొడుగునా దాని నోరు మూతపడేది కాదు. లారీ వస్తోంది ఆగు, ఎవరూ లేరు పోనియ్, లారీ వస్తోంది ఆగు, ఎవరూ లేరు పోనియ్. వెనక మాకు నిద్రుండేది కాదు. వాడు కునుకు తియ్యకుండా అలా వాగుతుందని మీ మామయ్య అనేవాడు."

గుల్తెన్‌కి గుర్తుంది. చిన్నప్పుడు వెనక సీట్లో దుప్పటి కింద తమ్ముడూ తనూ తల్లి గొంతును అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఎవరూ లేరు పోనియ్. ఆ మాట వింటూనే ఎన్ని సరిహద్దులు నిద్రలో దాటారో.

బుధవారం బ్రేకులు చూపించడానికి కారు గ్యారేజీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. సెర్హాత్‌ని కొట్లోంచి వదల్లేదు. "పాత టైర్లు దింపాలి, ఒక చెయ్యి వేద్దువు గాని రా," అన్నాడు దుర్ముష్ కూతురితో.

అలవాటుగా ముందు తలుపు తీసింది గుల్తెన్. సీటు మీద తల్లి ఊలుతో అల్లిన మెత్త ఉంది. జెన్నెత్ పొట్టి మనిషి. అందుకని సీటు బాగా ముందుకు జరిపి, ఎత్తు పెంచి ఉంది. దుర్ముష్ అవతలి తలుపు దగ్గర నిలబడి కారు కప్పు మీదుగా చూశాడు. గుల్తెన్ తలుపు మెల్లగా మూసి, వెనక టైర్ల పక్కన ఒదిగి కూర్చుంది.

మా పేటలో చిన్న వీధులు కలిసేచోట సిగ్నళ్ళుండవు. కుడివైపు నుంచి వచ్చేవాడికి ముందు దారి ఇవ్వాలి. మొదటి మూల దగ్గర దుర్ముష్ కారు ఆపాడు. కుడివైపు రోడ్డు మీద ఎవరూ లేరు. అయినా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాకే కదిలాడు. రెండో మూల దగ్గరా అంతే.

కొత్త డ్రైవర్లకి నేర్పేటప్పుడు గుల్తెన్ ముందు చూసేది మెడని. మెడ తిరగాలి. తొందరపాటు మనిషికి సగమే తిరుగుతుంది, భయస్థుడికి తిరిగిందే తిరుగుతుంది. తండ్రి మెడ అసలు తిరగడం లేదు. చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని, ఎవరో ఏదో చెప్పాలన్నట్టు కూర్చుంటున్నాడు.

బేకరీ మూల దగ్గర మళ్ళీ అలాగే ఆగాడు. చూసి చూసి, విసుగొచ్చినట్టు ముందుకు పోనిచ్చాడు. కుడివైపు నుంచి బడిసంచీ తగిలించుకున్న పిల్ల సైకిల్ మీద వస్తోంది.

"నాన్నా!"

బ్రేకు పడింది. టైరు దొర్లి గుల్తెన్ ఒళ్ళో పడింది. ఆ పిల్ల సైకిల్ పక్కకి కోసి, కారు అద్దాన్ని అరిచేత్తో చరిచి, నోటికొచ్చిన తిట్టు తిట్టి వెళ్ళిపోయింది. కారు ముందు నుంచే వెళ్ళింది.

దుర్ముష్ స్టీరింగ్ వదల్లేదు. "ఎటునుంచి వచ్చింది?" అని అడిగాడు.

గుల్తెన్‌కి అప్పుడు తెలిసింది. పట్టపగలు, కళ్ళెదుటే వెళ్ళిన పిల్ల ఎటునుంచి వచ్చిందో అతను చూడలేదు. వెనక కార్లు ఆగిపోయాయి. గుల్తెన్ ముందుకు వంగి, తల్లి సీటు పక్కగా తల పెట్టి కుడివైపు చూసింది.

"ఎవరూ లేరు. పోనియ్," అంది.

ఆ మాట తన నోట్లోంచి తల్లి గొంతులా వచ్చింది. దుర్ముష్ భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. కారు కదిలింది. గ్యారేజీ దాకా ప్రతి మూల దగ్గరా ఆమె అదే మాట చెప్పింది, అతను ఆ మాటతోనే కదిలాడు.

మెకానిక్ కారు చుట్టూ తిరిగి వచ్చాడు. "బ్రేకులు సరే బాబాయ్, ఈ కుడివైపు తలుపులేంటి, పిల్లి గోళ్ళతో గీకినట్టున్నాయి?"

"సూపర్‌మార్కెట్ దగ్గర ఎవడో గీసిపోయాడు," అన్నాడు దుర్ముష్.

మెకానిక్ గుల్తెన్ వైపు చూశాడు. ఆమె టైర్లు దింపే పనిలో పడింది.

తిరిగొచ్చి ఇంటి ముందు కారు ఆపాక ఇద్దరూ దిగలేదు. ఇంజన్ చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

దుర్ముష్ స్టీరింగ్ మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "ఫ్యాక్టరీ మానేసిన ఏడు మొదలైంది," అన్నాడు. "ముందు పొగలా ఉండేది. ఇప్పుడు కుడికంటికి ఆ పొగ కూడా లేదు."

"డాక్టరుకి చూపించలేదా?"

"మీ అమ్మే తీసుకెళ్ళింది. ఒక కన్ను చాలు, తోలొచ్చు, కాకపోతే మెడ బాగా తిప్పుతుండాలి అన్నాడు. మెడ తిప్పడం ఎందుకు, పక్కన నేనున్నాగా అంది మీ అమ్మ. నేనూ అలవాటు పడిపోయాను."

గుల్తెన్ కళ్ళ ముందు వెనక సీటు, దుప్పటి, నవ్వులు తిరిగాయి. చిన్నప్పుడు ఆ మాటలు ఊసుపోకకే అయ్యుండొచ్చు. తరవాత్తరవాత అవే అతనికి కన్నయ్యాయి. వేళాకోళం చేసినవాళ్ళు మాత్రం మారలేదు.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ముందు కారు కద్రీది అవుతుంది. వాడు అందర్నీ రొమేనియా తీసుకుపోతాడు."

ఇంకో రోజైతే ఆమె నవ్వేది. ఇప్పుడు కోపమే వచ్చింది. "ఈ సీటు ఖాళీగా పెట్టుకుని అత్తనీ మామయ్యనీ తమ్ముణ్ణీ ఎక్కించుకుని అన్ని దేశాలు దాటతావా? అమ్మ పక్కనే మీ అందరికీ వరసగా గోతులు తవ్వించమంటావా?"

"అది మీ అమ్మ సీటు."

"అమ్మ లేదు నాన్నా."

అనేశాక నాలుక కొరుక్కుంది. అంత పచ్చిగా ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. దుర్ముష్ తాళంచెవి లాగి దిగాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు, కూతురి మొహం చూడకుండా.

"కద్రీకి చెప్తావా?"

ఆమె వెనక తలుపు తీసుకుని దిగింది.

"చెప్పేదుంటే ఇక్కడే చెప్పు. దారిలో పదిమంది ముందు చెప్పకు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం గుల్తెన్ బస్సులో కద్రీ ఎక్కాడు. పుదీనా కట్టల బుట్ట చంకలో పెట్టుకుని, వెనక బోలెడు చోటున్నా డ్రైవరు పక్కనే నిలబడ్డాడు. డ్రైవరుతో మాట్లాడరాదన్న బోర్డు అతని నెత్తి మీదే ఉంది.

"గీత దాటి నిలబడకు బాబాయ్."

"నిలబడనులే. మీ నాన్న కులాసానా? ఆదివారం నాడు మనిషి అదోలా ఉన్నాడు."

"కులాసానే."

"వదిన పోయిన దిగులు. నాకు తెలుసు. దారిలో పడితే మళ్ళీ మామూలవుతాడు." కద్రీ కడ్డీ పట్టుకుని ఊగుతూ మాట్లాడుతున్నాడు. "నేను పైకి అలా రొమేనియా రొమేనియా అంటాను గాని, ఆయన ముందు లేకపోతే నాకు అడుగు పడదమ్మాయ్. పోయినేడు బెల్‌గ్రేడ్ దగ్గర అంత వానా! ఏమీ కనపడదు. మీ నాన్న కారు వెనక ఎర్రలైట్లు చూసుకుంటూ అలా వచ్చేశాం, పిల్లా జెల్లా అందరం. ఏం కళ్ళమ్మా మీ నాన్నవి."

గుల్తెన్ రోడ్డు మీదే చూపు పెట్టుకుంది. ఆ వానలో చూసిన కళ్ళలో సగం తల్లివని చెప్పాలనిపించింది. చెబితే తండ్రి తల వాలిపోతుంది. చెప్పకపోతే ఈ మనిషి, ఇతని పిల్లలు, వెనకొచ్చే కార్లన్నీ ఆ ఎర్రలైట్లనే నమ్ముకుని వస్తాయి. తను మాత్రం విమానంలో కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది.

"అమ్మాయ్, స్టాపు," అన్నాడు కద్రీ.

దిగాల్సిన ముసలావిడ గంట కొట్టి నిలబడి ఉంది. స్టాపు వెనక్కి పోయింది. గుల్తెన్ ఉద్యోగంలో అలా ఎప్పుడూ జరగలేదు. తరవాతి స్టాపులో దిగి, ఆవిడ చెయ్యి పట్టి కాలిబాట మీదికి చేర్చి క్షమించమంది. కద్రీకి ఏమీ చెప్పలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి సెర్హాత్ హాల్లో పెట్టెలకు తాళ్ళు కడుతున్నాడు. గుల్తెన్ రెండు కుర్చీలు ముందు, రెండు వెనక వేసి తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టింది.

"ఇదేంటక్కా, పిల్లలాటా?"

"చెప్పింది విను. నువ్వు కారులో మధ్యలో కూర్చో. ప్రతి మూల దగ్గర, లైను మారేటప్పుడు, పెట్రోలు బంకులోంచి రోడ్డెక్కేటప్పుడు కుడివైపు చూడు. ఎవరైనా ఉంటే ఆగు అను. లేకపోతే ఎవరూ లేరు పోనియ్ అను. గట్టిగా అను. నాన్న అడగడు. అడక్కపోయినా అను."

"అమ్మలాగానా?"

"అమ్మలాగే."

సెర్హాత్ నవ్వబోయి అక్క మొహం చూసి ఆగిపోయాడు. కుర్రాడు తెలివితక్కువవాడేం కాదు. "ఎన్నాళ్ళ నుంచక్కా?" అన్నాడు మెల్లగా.

"అవన్నీ నీకెందుకు? నిద్రపోకు. హంగరీ దాటాక నిద్ర ముంచుకొస్తుంది, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉండు. ఏదీ, మూల వచ్చింది. అను."

"ఎవరూ లేరు. పోనియ్."

"కుడివైపు చూడకుండా అన్నావు. మెడ తిప్పు. మళ్ళీ."

"నువ్వే రాకూడదా అక్కా? నేను విమానంలో వస్తాగా."

"మళ్ళీ అను," అంది గుల్తెన్.

నడవాలో చెప్పుల అర దగ్గర దుర్ముష్ నిలబడి ఉన్నాడు. మసీదు నుంచి అప్పుడే వచ్చాడు. ఒక బూటు విప్పి చేత్తో పట్టుకున్నాడు, రెండోది కాలికే ఉంది. ఎంతసేపట్నుంచి ఉన్నాడో ఏమో. వాళ్ళు చూసేసరికి ఆ రెండోది కూడా విప్పుకుని, ఏమీ విననట్టు తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. మర్నాడంతా కూతురితో మాట్లాడలేదు.

శనివారం తెల్లవారుతూనే కార్లన్నీ వీధిలో వరస కట్టాయి. కారు కప్పుల మీద సామాన్లు, సామాన్ల మీద పట్టాలు, పట్టాల మీద తాళ్ళు, తాళ్ళు సరిగ్గా కట్టలేదని పెద్దవాళ్ళ తిట్లు. రమీజ్ మామయ్య నొప్పికాలు ముందు లోపల పెట్టి, తరవాత తను ఎక్కాడు. హనీఫె ద్రాక్షాకుల గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. గుల్తెన్ ఇంటి చెప్పులతోనే కిందికి దిగి వచ్చింది. తోవలో తినేవాటి సంచీ తమ్ముడికి అందించి, చెవి దగ్గర "మెడ," అంది. వాడు తలూపాడు.

కింది వాటాలో ఉండే జర్మన్ ముసలావిడ వెస్సెల్ మొక్కలకు పోసే నీళ్ళడబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వెళ్ళే కారు వెనక నీళ్ళు చల్లితే వెళ్ళినవాళ్ళు నీళ్ళంత సాఫీగా వెళ్ళి వస్తారని ఆవిడకి చెప్పింది జెన్నెత్. అప్పట్నుంచి ఆవిడ ఒక్క ఏడూ మానలేదు.

దుర్ముష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తాళంచెవి చేతిలో ఉంది. అందరికీ తలూపి, కారు దగ్గరికి వచ్చి, అటు తిరిగి కుడివైపుకి నడిచాడు. తలుపు తీశాడు. సీటు మీది ఫ్లాస్కు, దుప్పట్లు, పెట్టె ఒక్కొక్కటే తీసి కద్రీ చేతుల్లో పెట్టాడు.

"ఇవి నీ బండిలో వేసుకో."

ఊలు మెత్తని మాత్రం తియ్యలేదు. అరిచేత్తో ఒకసారి నిమిరి, వంగి, దాని మీద కూర్చున్నాడు. పొడుగు మనిషి. మోకాళ్ళు వెళ్ళి ఎదుటి అరకి తగిలాయి.

తాళ్ళు బిగిస్తున్నవాళ్ళు తిరిగి చూశారు.

"అన్నా, అటు కూర్చున్నావేంటి?" అన్నాడు కద్రీ, దుప్పట్లు పట్టుకునే.

"తోలేది గుల్తెన్."

వెనక కార్లలోంచి ఎవరో పకపకా నవ్వారు. "ముందు కారు ఆడపిల్ల తోల్తుందా దుర్ముష్?"

కద్రీ వెనక్కి తిరిగి, "రోజూ ఆ పిల్ల బస్సెక్కే పనికి పోతున్నావు, అప్పుడు పోలేదేం నీ పరువు?" అన్నాడు. తరవాత ముందుకు వంగి అడిగాడు. "నిజంగానా అన్నా? మరి దారి?"

దుర్ముష్ ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు. "ఇన్నేళ్ళూ మీరు నా వెనక వచ్చాం అనుకున్నారు," అన్నాడు. "కుడికన్ను పోయి చాలా కాలమైంది కద్రీ. దారి చూసింది ఈ సీటు. నేను స్టీరింగ్ పట్టుకున్నా, అంతే."

కద్రీ దుప్పట్లు గుండెకి హత్తుకుని తన కారు వైపు నడిచాడు. బెల్‌గ్రేడ్ వాన గుర్తొచ్చి ఉంటుంది.

"సెర్హాత్, మీ అక్క బ్యాగు మంచం కింద ఉంది. పట్రా," అన్నాడు దుర్ముష్. "బూట్లు కూడా."

గుల్తెన్ నిలబడ్డచోటే నిలబడిపోయింది. వారం రోజులుగా తను అడగదలుచుకున్నదంతా ఇదే. ఇప్పుడు దొరికింది, సంతోషం మాత్రం రాలేదు. అన్ని దేశాలూ దాటించిన మనిషి, ఊరివాళ్ళందరి ముందు ఆ చిన్న సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం చూడలేక ఆమె తన ఇంటి చెప్పుల వైపు చూసుకుంది. హనీఫె వెనక నుంచి, "ఎక్కవే, వాడు మనసు మార్చుకోక ముందే," అని గదిమాక కదిలింది.

బూట్లు తొడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. అద్దాలు తన ఎత్తుకు తిప్పుకుంది. దుర్ముష్ ఆ అద్దం తిరగడం చూసి కళ్ళు దించుకున్నాడు.

"నీ సీటు వెనక్కి జరుపుకో నాన్నా. కింద పిడి ఉంటుంది. మోకాళ్ళు నొప్పెడతాయి."

"ఉండనీ," అన్నాడు. "ఇలాగే ఉండనీ."

కారు కదిలింది. వెస్సెల్ ఎప్పటిలాగే కుడివైపు కిటికీకి చెయ్యి ఊపబోయింది, జెన్నెత్ కూర్చునే వైపుకి. అక్కడ దుర్ముష్ కనబడేసరికి చెయ్యి గాల్లో ఆగింది. మళ్ళీ మెల్లగా ఊపింది. వెనక రోడ్డు మీద నీళ్ళు పడ్డ చప్పుడు వినబడింది.

వీధి చివర మూల వచ్చింది. గుల్తెన్ ఆపింది. ఎత్తు బస్సులో కూర్చుని రోజూ చూసే మూలే. కుడివైపు రోడ్డు ఆ చివరి దాకా ఖాళీగా ఉంది. అది ఆమెకు కనిపిస్తూనే ఉంది. అయినా బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. వెనక సెర్హాత్ మెడ తిప్పి, చూసి, నోరు తెరవబోయాడు. హనీఫె వాడి తొడ మీద చెయ్యి వేసి నొక్కింది. కద్రీ హారన్ కొట్టలేదు.

దుర్ముష్‌కి కొంచెం ఆలస్యంగా అర్థమైంది. మెడ తిప్పాడు. అది చాల్లేదు. మంచి కన్ను ఆ రోడ్డుకి అందాలంటే ఒళ్ళంతా తిరగాలి. తలుపు పట్టుకుని, ఆ ఇరుకులోనే మొత్తం కుడివైపుకి తిరిగాడు. అతని మొహం ఇప్పుడు ఎవరికీ కనపడదు. కిటికీ అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టింది. అరిచేత్తో తుడిచి మళ్ళీ చూశాడు. అతను ఏడుస్తున్నాడని గుల్తెన్‌కి ఆ భుజాల్లో తెలిసింది. ఆమె రోడ్డు వైపే చూస్తూ ఆగింది.

"ఎవరూ..." అని ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ లేరు తల్లీ. పోనియ్."

గుల్తెన్ పోనిచ్చింది.